వెర్సాయ్ నుంచి సుల్తాన్‌పూర్‌కు: మన భాషలలో సానెట్

(ప్రసంగ పాఠం)

సానెట్ అనగానే మన విద్యార్థులకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం గుర్తుకు వస్తుంది. పద్నాలుగు పంక్తులు, అంత్యప్రాసల పట్టిక ఒకటి, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆ పట్టికను కంఠస్థం చేసినంత మాత్రాన కవిత బోధపడదు. రూపం ఒక పాత్ర అనీ, అర్థం అందులో పోసిన నీరనీ అనుకోవడంవల్ల వచ్చిన చిక్కు ఇది. మంచి కవితలో అర్థం చేయవలసిన పనిలో సగం రూపమే చేస్తుంది. ఈ సంగతిని వంగ, హిందీ భాషల సానెట్లలో పరిశీలించవచ్చు.

సానెట్ జన్మస్థానం సిసిలీ ద్వీపం. పదమూడవ శతాబ్దంలో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి ఆస్థానోద్యోగి జాకొమో ద లెంతీని దీనికి ఆద్యుడని చెబుతారు. మరుసటి శతాబ్దంలో పెట్రార్క్ (1304–1374) దీనికి ప్రతిష్ఠ కలిగించాడు. ఎనిమిది పంక్తులలో ఒక స్థితిని నిలపడం, తొమ్మిదవ పంక్తి దగ్గర మలుపు తిరగడం, మిగిలిన ఆరింటిలో ఆ స్థితిని మరొక వైపునుంచి చూడడం ఆయన పద్ధతి. 1609లో అచ్చయిన షేక్స్పియర్ సానెట్లు 154. వాటి కట్టడం వేరు: నాలుగేసి పంక్తుల చొప్పున మూడు భాగాలు, చివర తీర్పు చెప్పినట్లు ఒక ద్విపద. ఏ పద్ధతి అయినా ప్రాణం మలుపులోనే ఉన్నది.

ఈ మలుపు తెలుగువారికి పరాయిది కాదు. సీసపద్యం చదివినవారికి ఇది పరిచితమే. నాలుగు దీర్ఘపాదాలలో వర్ణన పేరుకుంటూ పోతుంది. ఎవరిని గురించి, దేనిని గురించి అన్నది తరచు కింది తేటగీతిలోనో ఆటవెలదిలోనో తేలుతుంది. ఎత్తుగీతి దగ్గర గొంతు మారకపోతే సీసం చదవడం రాదనే చెప్పాలి. సానెట్‌కూ సీసానికీ చుట్టరికం లేదు. అయినా చిన్న చోటులో ఆలోచనను మళ్లించవలసిన అవసరం రెండు దేశాల కవులకూ ఒకే విధమైన ఉపాయం తోపించింది.

సానెట్‌ను వంగభాషలో నిలబెట్టినవాడు మైకేల్ మధుసూదన దత్తు (1824–1873). జెస్సోర్ జిల్లాలో, నేటి బంగ్లాదేశ్‌లోని సాగర్‌దారి గ్రామంలో పుట్టాడు. యౌవనంలో కొన్నేళ్లు మద్రాసులో ఉండి ఇంగ్లీషులో కావ్యం రాశాడు. ‘మేఘనాద వధ కావ్యం’ (1861)తో కీర్తి గడించిన పిదప 1862లో ఐరోపా వెళ్లాడు. ఫ్రాన్సులోని వెర్సాయ్ నగరంలో కుటుంబంతో అప్పులపాలై దిక్కుతోచని స్థితిలో ఉన్నప్పుడు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పంపిన డబ్బు ఆదుకున్నది. ఆ రోజులలోనే ‘చతుర్దశపదీ కవితావళి’ రూపొందింది, 1866లో అచ్చయింది.

ఇక్కడ ఛందస్సు విషయం ఒకటి గమనించదగినది. వంగభాషలో కథాకావ్యాలకు అనాదిగా వాడుతున్న పయార్ ఛందస్సులో పంక్తికి పద్నాలుగు అక్షరాలు. ఎనిమిదింటి తరువాత విరామం, ఆపైన ఆరు. ఇటలీ సానెట్‌లో పంక్తుల విభజన కూడా ఎనిమిది, ఆరు. పంక్తిలో ఉన్న నిష్పత్తే మొత్తం కవితలోనూ ఉన్నదన్నమాట! ఇది కాకతాళీయమే. కాని వచ్చిన అతిథికి ఇంట్లో పీట ముందే వేసి ఉన్నట్లయింది.

ఆ సంపుటిలో కపోతాక్ష నదిపై రాసిన సానెట్‌ను చూడండి. అది కవి స్వగ్రామం పక్కన పారే నది. మొదటి ఎనిమిది పంక్తులూ జ్ఞాపకం: పరదేశంలో ఏకాంతాన ఆ నీటి చప్పుడు కలలో విన్న సంగీతంలా భ్రమగా చెవిన పడుతుంది, ఎన్ని నదులు చూసినా ఆ దాహం తీరదు, అది జన్మభూమి చనుబాలధార. తొమ్మిదవ పంక్తిలో, సరిగ్గా మలుపు ఉండవలసిన చోట, మళ్లీ చూడగలనా అన్న ప్రశ్న ఎదురవుతుంది. అక్కడినుంచి భావచిత్రం కూడా మారిపోతుంది. తల్లిగా కనిపించిన నది ఇప్పుడు సముద్రమనే రాజుకు నీటినే పన్నుగా చెల్లించే ప్రజ. దారిలో వంగదేశీయుల చెవిని తన పేరు వేయమని కవి ఆ ప్రజను స్నేహితునిలా వేడుకుంటాడు. బాకీలవాళ్ల మధ్య చిక్కుకున్న మనిషికి నదిలో పన్ను చెల్లింపు కనిపించడం యాదృచ్ఛికమో కాదో చెప్పలేము. తల్లి ఒడిలోని బిడ్డ పేరు అడగడు. దూరంగా పోయినవాడే తన పేరు నిలవాలని కోరుకుంటాడు. ఈ తేడాను మలుపు ఒక్కటే చెబుతున్నది, వివరణ ఏమీ లేదు.

ఆ తరువాత రవీంద్రుడు ‘చైతాలి’, ‘నైవేద్య’ సంపుటాలలో పద్నాలుగు పంక్తుల కవితలు విరివిగా రాశాడు. వాటి కథ వేరు. ఇక హిందీకి వద్దాం.

హిందీలో సానెట్ పేరెత్తితే మొదట చెప్పవలసిన కవి త్రిలోచన్ (1917–2007). అసలు పేరు వాసుదేవ సింహ్. ఊరు ఉత్తరప్రదేశ్ సుల్తాన్‌పూర్ జిల్లాలోని చిరానీపట్టి. 1957లో వెలువడిన ‘దిగంత్’ సానెట్ల సంపుటి. ‘తాప్ కే తాయే హుఏ దిన్’ అన్న కవితాసంపుటికి 1981లో సాహిత్య అకాదెమీ పురస్కారం లభించింది. సానెట్ రాసీ రాసీ తాను చేస్తున్నది వింత తమాషాగా ఉన్నదని ఒక సానెట్‌లోనే తనను తాను ఎగతాళి చేసుకున్నాడు. తన పేరును కవితలో పెట్టి, ఎవరో మూడవ మనిషిని చూసినట్లు చూడడం ఆయనకు అలవాటు. గజల్ చివర కవి తన పేరు చెప్పుకొనే సంప్రదాయం మన దేశంలో ఉన్నదే. అయితే త్రిలోచన్ ఆ పేరును గొప్పకు వాడలేదు. వీధిలో బిచ్చమెత్తుతున్న త్రిలోచన్‌ను చూశానని కూడా రాశాడు.

ఆయన సానెట్లకు ఎక్కువగా వాడినది రోలా ఛందస్సు. పంక్తికి 24 మాత్రలు, 11 దగ్గర విరామం. కుండలియా పద్యాలలో దోహా వెంట నడిచేది ఈ రోలాయే కనుక హిందీ చెవికి పాత నేస్తం. దానిలో ఆయన చేసిన మార్పు వాక్యానికి సంబంధించినది. పంక్తి ముగిసిన చోట వాక్యం ముగియదు. మరుసటి పంక్తిలోకి జారి, నడుమ ఎక్కడో ఆగుతుంది. మాటల వరుస మాత్రం పల్లెవాడు మాట్లాడుకునే వరుసే. ఛందస్సు కోసం క్రియను ముందుకో వెనక్కో నెట్టడం చాలా అరుదు. పైకి వచనంలా వినిపించే ఈ నడక వెనుక లెక్క తప్పని మాత్రలు ఉన్నాయి.

‘ఉస్ జనపద్ కా కవి హూఁ’ అన్న సానెట్‌లో ఇది స్పష్టం. 1981 నాటి సంపుటికి ఆ పేరే పెట్టారు. కవి తాను ఏ ప్రాంతానికి చెందినవాడో చెబుతున్నాడు. అది ఆకలిగొన్న ప్రాంతం. కళ అంటే ఏమిటో అక్కడివారికి తెలియదు, కవిత్వం ఏదైనా ఇవ్వగలదన్న నమ్మకమూ లేదు. ఉపమానాలు దాదాపు లేవు. ఉన్నవి మూడే: ఎండిపోయిన ఊట, కాలం చెల్లిన ఆలోచనల మోత, ఇక కన్నీళ్లు. కన్నీళ్లకు వాడిన క్రియ ‘విత్తడం’. నీరు, బరువు, విత్తనం – మూడూ రైతు పనిలోనివే. అలంకారం కోసం కవి ఊరు దాటి పోలేదు.

చివరి ద్విపదలో ఇంగ్లీషు పద్ధతి ప్రకారం తీర్పు రావాలి. రాదు. ఆ ప్రజలు తులసీ రామాయణం వింటారు, చదువుతారు, నారాయణ నామం జపిస్తారు అన్న వార్తతో కవిత ఆగిపోతుంది. ఇది వ్యంగ్యమా, ఆదరమా? విమర్శకులు ఏదో ఒకటి తేల్చాలని తొందరపడతారు. కాని కవి తీర్పు చెప్పవలసిన చోట చెప్పకపోవడమే ఇక్కడి అర్థం. వారిని జాలితో చూసే హక్కు తనకు లేదని ఆ ఖాళీ చెబుతున్నది.

త్రిలోచన్ భావగీతాలలో ‘ధరతీ’ (1945) సంపుటిలోని చంపా కవిత అందరికీ తెలిసినది. చంపా గొల్లవాని కూతురు; నల్లని అక్షరాలను గుర్తుపట్టలేదు. చదువుకోమని, లేకపోతే కలకత్తా వెళ్లిన మగనికి ఉత్తరం ఎలా రాస్తావని కవి అడుగుతాడు. మగణ్ణి అసలు వెళ్లనివ్వనంటుంది; ఆ నగరాన్నే శపిస్తుంది. ఇక్కడ పద్నాలుగు పంక్తుల కట్టడి లేదు, సంభాషణ ఉన్నది. కాని మలుపు ఉన్నది. చదువురాని పిల్ల అమాయకత్వంగా మొదలైనది వలసమీద ఫిర్యాదుగా తేలుతుంది. రంగూనుకు మనుషులను సాగనంపిన ఉత్తరాంధ్ర పల్లెలకూ, పాలమూరు వలసకూలీల ఇళ్లకూ ఈ శాపానికి అర్థం చెప్పనక్కరలేదు.

ఇటువంటి కవితలను తెలుగులోకి తేవడంలో మొదట నష్టపోయేది అంత్యప్రాస. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. క్రియలు తరచు ‘డు’ అనో ‘ది’ అనో ‘రు’ అనో అంతమవుతాయి. ప్రతి పంక్తి చివరా ప్రాస పెడితే లాలిపాటలా తోస్తుంది. పైగా మన చెవి ప్రాసను వెదికేది పాదంలోని రెండవ అక్షరంలో. గురజాడ 1910లో ముత్యాల సరాలకు 3, 4, 3, 4 మాత్రల నడక ఇచ్చి, అంత్యప్రాస జోలికి పోకుండానే కొత్త గేయానికి గొంతు తెచ్చాడు. అనువాదకునికి ఆ దారి మేలు. మాత్రల నడకను నిలుపుకొని, వాక్యాన్ని పంక్తి దాటించి, మలుపును సరిగ్గా దాని చోటనే ఉంచగలిగితే ప్రాస పోయినా కవిత దక్కుతుంది. తులసీ రామాయణపు ద్విపద దగ్గర మాత్రం ఆ నష్టం కూడా లేదు. రామాయణం, నారాయణ నామం: హిందీలో ప్రాస కలిపిన ఆ రెండు మాటలూ తెలుగులోనూ అవే.