గాడి కార్లు: పాతవి మేలా, కొత్తవి మేలా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ డి.ఎ. బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కాస్త ఆటవిడుపుగా ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఎంచుకున్నది బొమ్మ కార్ల సంగతి. నవ్వకండి. ఇందులో ట్రాన్స్‌ఫార్మరు ఉంది, మోటారు ఉంది, కార్బన్ బ్రష్షులున్నాయి, అయస్కాంతం ఉంది. విద్యుత్ శాఖలో ఇన్నేళ్ళూ మనం అన్నం తిన్నది వీటి పేరు చెప్పుకునే కదా!

పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్ళి వచ్చిన వారిలో కొందరైనా ఈ కార్లను చూసే ఉంటారు. నేల మీద ప్లాస్టిక్ ట్రాక్ ముక్కలు అతికిస్తారు. ట్రాక్‌లో ఒక్కొక్క కారుకు ఒక్కొక్క సన్నని గాడి ఉంటుంది. గాడికి అటూ ఇటూ రెండు ఉక్కు పట్టాలు. కారు ముందు భాగంలో ఉన్న చిన్న నాలుక గాడిలో దిగుతుంది, దాని పక్కనున్న రాగి తీగల అల్లికలు పట్టాలను తాకి కరెంటు తీసుకుంటాయి. చేతిలో ఉన్న మీట ఎంత నొక్కితే మోటారుకు అంత కరెంటు. స్టీరింగు లేదు, బ్రేకు లేదు. ఉన్నదల్లా వేలి నేర్పే. ఇంగ్లీషులో వీటిని స్లాట్ కార్లంటారు. మనం గాడి కార్లు అనుకుందాం.

కొంచెం చరిత్ర

ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఇంగ్లండు దేశస్థుడు మినీమోడల్స్ అనే కంపెనీ నడుపుతూ 1952లో ‘స్కేలెక్స్’ అనే రేకు కార్లు విడుదల చేశాడు. అవి లోపలి స్ప్రింగుతో నడిచేవి. వాటికి విద్యుత్ మోటారు పెట్టి, గాడి ఉన్న ట్రాక్ తయారుచేసి, 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో చూపించాడు. స్కేలెక్స్, ఎలక్ట్రిక్ అనే రెండు మాటలు కలిపి దానికి ‘స్కేలెక్‌స్ట్రిక్’ అని పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరమే, అంటే 1958లో, లైన్స్ బ్రదర్స్ అనే పెద్ద బొమ్మల కంపెనీ దానిని కొనేసింది. 1960 నుంచి రేకు బదులు ప్లాస్టిక్ బాడీలు వచ్చాయి. లైన్స్ బ్రదర్స్ 1971లో కుప్పకూలింది కాని, స్కేలెక్‌స్ట్రిక్ మాత్రం నిలిచింది. తరువాత అది హార్న్‌బీ కంపెనీ చేతికి వచ్చింది.

అమెరికాలో అరోరా అనే కంపెనీ 1960లో ఇంకా చిన్న కార్లు తెచ్చింది. మొదటి వాటిలో తిరిగే మోటారే లేదు. ఏ.సి. కరెంటుకు ఒక ఉక్కు రేకు బజర్‌లోలాగా గిజగిజ కొట్టుకుంటూ, ఇరుసు మీది పళ్ళచక్రాన్ని తోసేది. మన పాత కాలింగ్ బెల్ చక్రాలెక్కి పరుగెత్తినట్టు ఊహించుకోండి! కొన్నేళ్ళకే దాని స్థానంలో అప్పచ్చిలాంటి బల్లపరుపు ఆర్మేచరుతో డి.సి. మోటారు వచ్చింది.

తగవు ఎలా వచ్చిందంటే

ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మా మనవడి దగ్గర కొత్త స్కేలెక్‌స్ట్రిక్ సెట్టు ఉంది. పొరుగింట్లో ఒక పెద్దాయన దగ్గర 1960ల నాటి కార్లు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. పన్నెండేళ్ళవాడు కొత్తవే గొప్పవంటాడు. డెబ్బై దాటినాయన ఇప్పటి కార్లు కార్లే కావంటాడు. చివరికి మావాడు, “తాతయ్యా, నువ్వు మీటర్లు టెస్ట్ చేసేవాడివి కదా, నువ్వే చెప్పు” అన్నాడు.

మీటర్ టెస్టింగులో మన సూత్రం మీకు తెలుసు. పాత డిస్కు మీటరునూ కొత్త ఎలక్ట్రానిక్ మీటరునూ పోల్చాలంటే రెండింటికీ ఒకే వోల్టేజి, ఒకే లోడు, ఒకే సమయం ఇవ్వాలి. కార్లకూ అంతే. ఒకే ట్రాక్, ఒకే గాడి, ఒకే పవర్ ప్యాక్, ఒకే చేయి. పది చుట్లు వేయించి మొత్తం కాలం చూడాలి. ఒక్క చుట్టు చూసి తీర్పు చెప్పకూడదు.

మొదటి పందెంలో పాత కారు చిత్తుగా ఓడింది. మలుపు రాగానే తోక విసిరి గాడి నుంచి ఎగిరిపోయేది. కొత్త కారు మాత్రం మీట పూర్తిగా నొక్కి పట్టుకున్నా మలుపుల్లో అతుక్కుపోయినట్టు తిరిగింది. మావాడు గెంతులేశాడు. కాని ఇది న్యాయమైన పోటీ కాదు. పాత కారు టైర్ల రబ్బరు అరవై ఏళ్ళలో ఎండి రాయిలా అయింది. ఇరుసుల్లో నూనె జిగురుగా మారింది. కమ్యుటేటరు మీద బ్రష్షుల మసి పేరుకుంది. ఇవి వయసు తెచ్చిన లోపాలే గాని తయారీ లోపాలు కావు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని పరుగు పందెంలో పెట్టి, “ఈయన ఉద్యోగంలో కూడా ఇంతేనేమో” అంటే మనం ఒప్పుకుంటామా?

అందుచేత పాత కారుకు కొత్త టైర్లు వేశాం. ఆ కొలతకు సరిపోయేవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. కమ్యుటేటరు తుడిచి, ఇరుసులకు ఒక్కొక్క చుక్క నూనె వేశాం. అప్పుడు పాత కారు చాలా మెరుగుపడింది. అయినా కొత్తదే గెలిచింది.

అసలు గుట్టు

ఆ గెలుపులో పెద్ద వాటా మోటారుది కాదు. కారు అడుగున ఉన్న అయస్కాంతానిది. 1980ల చివరి నుంచి స్కేలెక్‌స్ట్రిక్ కార్లలో ఇది మామూలైంది. అరోరా వాళ్ళు అమెరికాలో 1970ల్లోనే మొదలుపెట్టారు. ట్రాక్‌లో ఉన్నవి ఉక్కు పట్టాలు కాబట్టి అయస్కాంతం కారును కిందికి లాగి పట్టుకుంటుంది.

లెక్క చూడండి. మలుపులో కారు నిలవాలంటే టైరుకు పట్టు కావాలి. పట్టు ఎంతన్నది కారు ట్రాక్‌ను ఎంత బలంగా నొక్కుతుందన్న దానిని బట్టి ఉంటుంది. అయస్కాంతం లేనప్పుడు నొక్కేది కారు బరువొక్కటే. అయస్కాంతం కారు బరువుకు మూడు రెట్లు లాగిందనుకోండి, మొత్తం నొక్కుడు నాలుగు రెట్లవుతుంది. మలుపులో ఆపుకోగలిగిన వేగం దాని వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి రెండు రెట్ల వేగంతో తిరగవచ్చు. మోటారు అదే, టైరు అదే, వేగం మాత్రం రెట్టింపు!

కాని ఊరికే వచ్చేది ఏదీ లేదు. పట్టాలు లాగుతుంటే మోటారుకు లోడు పెరుగుతుంది, కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, వేడెక్కుతుంది. ఇంకొకటి. అయస్కాంతం లేని కారు జారే ముందు తోక ఊపి హెచ్చరిస్తుంది. మీట కాస్త వదిలితే సర్దుకుంటుంది. అయస్కాంతం ఉన్న కారు చివరి దాకా నిబ్బరంగా ఉండి, పట్టాల నుంచి కాస్త ఎడమైతే చాలు, ఒక్కసారిగా ఎగిరిపోతుంది.

మూడో పరీక్షగా కొత్త కారు అడుగు నుంచి అయస్కాంతం తీసేశాం. చాలా మోడళ్ళలో ఇది తేలికగానే ఊడివస్తుంది. ఇప్పుడు మావాడి కారు మొదటి మలుపులోనే గోడకు తగిలింది! పది చుట్లు నా చేతి మీద నడిపితే కొత్త కారే ముందుంది కాని, తేడా బాగా తగ్గింది. ఇరుసులు నిటారుగా ఉండటం, చక్రాలు గుండ్రంగా ఉండటం, టైరు రబ్బరు మేలుగా ఉండటం, ఇవి కొత్తదాని నిజమైన గుణాలు. వాటిని కాదనకూడదు. ఆ తరువాత పెద్దాయన తన పాత కారుతో, మావాడు అయస్కాంతం లేని కొత్త కారుతో పోటీపడ్డారు. పెద్దాయన గెలిచారు. అక్కడ గెలిచింది కారు కాదు, వేలు.

విప్పి చూస్తే

1960ల కారు బాడీ తీస్తే మోటారు బట్టబయలుగా కనిపిస్తుంది. ఆర్మేచరు చుట్లు, కమ్యుటేటరు, స్ప్రింగు మీద ఆనుకున్న బ్రష్షులు, అన్నీ వేలితో చూపించవచ్చు. బ్రష్షు అరిగితే మార్చవచ్చు. కొత్త కారులో ఉండేది మూసేసిన డబ్బా మోటారు. చాలాకాలం ఏ సంరక్షణా లేకుండా నడుస్తుంది. చెడితే మాత్రం బాగుచేయడం ఉండదు, డబ్బా మార్చడమే. మనం రిటైరయ్యే నాటికి మీటర్ల విషయంలోనూ ఇదే జరగలేదా?

కొత్త వాటిలో ఇంకొక మార్పు మన వాళ్ళు గమనించదగ్గది. 2004లో స్కేలెక్‌స్ట్రిక్ డిజిటల్ పద్ధతి తెచ్చింది. పాత పద్ధతిలో గాడికి ఒక కారే. మీటతో ఆ గాడి వోల్టేజినే తగ్గించి పెంచుతారు. డిజిటల్‌లో ట్రాక్‌కు ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. ఏ కారు ఎంత వేగంతో పోవాలన్నది ఆ లైను మీదే సంకేతాలుగా వెళ్తుంది. కారులో ఉన్న చిప్ తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే పాటిస్తుంది. అందువల్ల ఒకే గాడిలో అనేక కార్లు నడుస్తాయి, గాడి మారి ముందున్న కారును దాటిపోవచ్చు కూడా. ఇది పాత కార్లు ఎంత బాగుచేసినా చేయలేని పని.

నా తీర్పు

కనుక మిత్రులారా, నా తీర్పు ఇది. చుట్టు వేగంలో కొత్తదే మేలు. చిన్నపిల్లలకూ కొత్తదే మేలు, అయస్కాంతం ఉంటే కారు మాటిమాటికీ ఎగిరిపోక పిల్లలు విసుగు చెందరు. నడపడం నేర్చుకోవడానికి అయస్కాంతం తీసిన కారు మేలు, అది పాతదైనా కొత్తదైనా సరే. మోటారు ఎలా తిరుగుతుందో పిల్లలకు చూపించడానికి మాత్రం పాతదానికి సాటి లేదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరిగా చెప్పాలి. కారు నుంచి తీసిన అయస్కాంతాన్ని నేల మీద వదలకండి. పసిపిల్లలు ఇలాంటివి రెండు మూడు మింగితే అవి పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి. అలా జరిగిందన్న అనుమానం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇక మనలో పేస్‌మేకర్ ఉన్నవారు ఏ అయస్కాంతాన్నైనా ఛాతీకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చొక్కా జేబులో అసలు వేసుకోకూడదు.

చివరగా ఒక్క మాట. ఇంట్లో పాత వస్తువునూ కొత్త వస్తువునూ పోల్చే చర్చ వచ్చినప్పుడు, పాతదానికి ముందు టైర్లు మార్చండి, కొత్తదాని అడుగున ఏ అయస్కాంతం ఉందో చూడండి. ఆ తరువాత పందెం పెట్టండి. ఏది గెలిచినా అప్పుడు అందరూ ఒప్పుకుంటారు.