గడ్డి పాలగు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఆవు గడ్డి తిని పాలిచ్చుననుట పసిబిడ్డలును ఎరిగిన సంగతి. కాని గడ్డిని జీర్ణము చేసికొను శక్తి ఆవునకు స్వతహాగా లేదన్నచో పెక్కురు నమ్మరు. నమ్మినను నమ్మకున్నను అది నిజము. గడ్డిలోని ముఖ్య పదార్థమును విడగొట్టగల రసమేదియు ఆవు శరీరములో ఊరదు. ఆ పని చేయునవి వేరు జీవులు. అవి కంటికి కానరానివి. ఆవు పెద్దపొట్టయే వాని కాపురము. రైతు గాటిలో మేత వేసినప్పుడు ముందుగా మేపుచున్నది వానినే. ఈ సంగతి తెలియకపోవుటచేత పెండ్లిండ్ల దినములలో మేలైన పశువులు కొట్టములయందు కూలిపోవుచున్నవి. కనుక గడ్డిపోచ మొదలుకొని పాలచుక్క వరకు గల దారిని కొంచెము నిదానముగా చూడవలసియున్నది.

పశువైద్య కళాశాలలో చేరిన విద్యార్థికి మొదటి ఏట మందుల పేర్లు చెప్పరు. 1946లో హైదరాబాదునందును, 1955లో తిరుపతియందును వెలసిన కళాశాలలలోనైనను, మరెచ్చటనైనను ముందు నేర్పునది శరీర నిర్మాణము, కణజాలముల పరిశీలన. గేదెకు వైద్యము చేయుట నేర్వవచ్చినవానికి గాజుపలకపై పలుచని తునకలను చూచుట ఎందులకని తోచవచ్చును. కాని అసలు విషయమంతయు ఆ తునకలోనే ఉన్నది.

1665లో ఇంగ్లండు దేశమున రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు, సీసా బిరడాలు చేయు చెట్టుబెరడును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచెను. తేనెపట్టువలె చిన్న చిన్న గదులు కనబడగా వానికి గది అను అర్థము వచ్చు పేరు పెట్టెను. తెలుగున దానినే కణమనుచున్నారు. నిజమునకు అతడు చూచినవి ప్రాణము పోయిన ఒట్టి గోడలే. మొక్కలన్నియు కణములతో నిర్మితములని 1838లో ష్లైడెనును, జంతువులును అట్టివేయని 1839లో ష్వానును ప్రకటించిరి. ఇరువురును జర్మనులు.

మొక్క కణమునకును పశువు కణమునకును గల భేదములలో ఇచట కావలసినది ఒక్కటే. పశువు కణము చుట్టును పలుచని పొర మాత్రము ఉండును. అది గుడారము వంటిది. మొక్క కణమునకు ఆ పొరకు వెలుపల గట్టి గోడ కూడ కలదు. అది కట్టిన ఇల్లు వంటిది. ఎముక యొక్కటియు లేకయే జొన్నమొక్క నిటారుగా నిలుచుట ఆ గోడల బలముననే. గోడకు ముఖ్య పదార్థము సెల్యులోజు.

వరిగింజలోని పిండిపదార్థమును, వరిగడ్డిలోని సెల్యులోజును రెండును గ్లూకోజు అను చక్కెర ముక్కల గొలుసులే. ఇటుకలు ఒక్కటే, అతుకు మాత్రము వేరు. అన్నమును చాలసేపు నమిలినచో నోట తీపి పుట్టును. లాలాజలము పిండిపదార్థపు అతుకును విప్పుచున్నదనుటకు అది నిదర్శనము. గడ్డిని ఎంతసేపు నమిలినను తీపి రాదు. సెల్యులోజు అతుకును విప్పు తాళపుచెవి మనిషికి లేదు, ఆవునకు లేదు, గుర్రమునకును లేదు. ఇంటిలోని ధాన్యమునకు సమానమైన చక్కెర ఇంటి ముందరి గడ్డివాములోను తాళము పడి ఉన్నదన్నమాట.

కణములు పనినిబట్టి గుంపులై కణజాలములగుచున్నవి. మొక్కలో పెరుగుదలకు కారణమైనది విభాజ్య కణజాలము. పెక్కు మొక్కలలో ఇది కొనలయందుండగా, గడ్డిజాతిలో కణుపుల మొదళ్లను, ఆకుల మొదళ్లను కూడ దాగియున్నది. పశువు పైభాగమును కొరికినను గడ్డి మరల లేచుట అందువలననే. మెత్తని మృదు కణజాలము, నీటిని మోయు దారువు, ఆహారమును మోయు పోషక కణజాలము, గట్టిదనమునిచ్చు దృఢ కణజాలము అని తక్కిన విభాగములు. మొక్క ముదిరిన కొలది దారువు గోడలలోను, దృఢ కణజాలపు గోడలలోను లిగ్నిను అను పదార్థము పేరుకొనును. ఇది సెల్యులోజు ఇటుకల నడుమ పోసిన సున్నము వంటిది. దీనిని పొట్టలోని సూక్ష్మజీవులును విప్పజాలవు. ముదిరిన మేతను పశువు గంపలకొలది తిన్నను డొక్కలు నిండునే కాని ఒంటికి పట్టదు.

అట్లయిన లేతగా ఉన్నప్పుడే కోసి వేయుట మేలు కదా యని తోచును. జొన్న విషయములో ఆ తలంపు ప్రాణాంతకము. లేత జొన్న ఆకుపై పొర కణములలో ధురిన్ అను పదార్థము నిలువ ఉండును. 1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఇరువురు దానిని జొన్ననుండి వేరుచేసి చూపిరి. దానిని విడగొట్టు రసము అదే ఆకులో లోపలి కణములయందు ఉండును. ఒకటి ఒక గదిలో, రెండవది పక్క గదిలో. గోడ నిలిచియున్నంతకాలము ఏ కీడును లేదు. పశువు నమలగానే గోడలు చిదిమిపోయి రెండును కలియును. వెంటనే హైడ్రోసయనిక్ ఆమ్లమను ఘోరవిషము పుట్టును. మొక్క తన్ను తాను కాపాడుకొనుటకు చేసికొన్న ఏర్పాటిది. దాని తెలివి పశువునకు మిత్తి.

వానలు మొగమొచ్చి గిడసబారిన పైరులోను, కోసిన మోళ్లనుండి వాన తరువాత లేచు పిలకలలోను ఈ విషము అధికము. తిన్న పశువు కొలది నిమిషములలోనే ఎగశ్వాస పట్టి, తూలి, పడి కొట్టుకొనును. రక్తము మామూలుకంటె ఎర్రగా కనబడును. రక్తములో ప్రాణవాయువు నిండుగా ఉన్నను కణములు దానిని వాడుకొనలేకపోవుటయే ఇందుకు కారణము. బావి నిండ నీరుండియు చేదతాడు తెగినట్లు. పశువైద్యుడు సకాలమున వచ్చి సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను నరములోనికి ఎక్కించినచో బ్రతికించుటకు వీలున్నది. అయితే అంత వ్యవధి చిక్కుట అరుదు. మేతజొన్నను సగము పైరు పూతకు వచ్చినపుడు కోయుట సురక్షితము. అప్పటికి విషము తగ్గియుండును, లిగ్నిను ఇంకను ముదురదు. కోసి చక్కగా ఎండబెట్టిన చొప్పలోను విషము చాలవరకు పోవును.

ఇక పశువు పొట్ట. నెమరువేయు జంతువు పొట్టకు నాలుగు అరలు. మొదటిదే పెద్దపొట్ట; పెద్ద ఆవునకు ఇది నూరు లీటర్లకు మించి పట్టును, కడుపులో ఎడమవైపునంతటిని ఆక్రమించును. రెండవ అర లోపలి గోడ అచ్చముగా తేనెపట్టు. పశువు మేతతో మ్రింగిన మేకులు, తీగముక్కలు ఇందులోనే చిక్కుకొనును. దీనికి ముందరనే, పలుచని తెరకు ఆవల గుండె ఉండుటవలన ఆ మేకు ఒక్కొకప్పుడు గుండెను గ్రుచ్చును. గడ్డిచుట్టలు కట్టిన ఇనుపతీగను కొట్టములో పారవేయువారు ఇది గమనింపవలెను. మూడవ అర లోపల పుస్తకములోని పుటలవలె పొరలుపొరలుగా ఉండును. గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పుకొనుట ముచ్చటగానే ఉన్నది. నాలుగవదే మనుష్యుని పొట్టవంటి అసలైన పొట్ట.

పెద్దపొట్ట గోడనుండి ఒక చిన్న తునకను కోసి చూచినచో పశుశరీరములోని నాలుగు విధముల కణజాలములును అందులోనే కనబడును. లోపల కప్పియున్నది ఉపకళా కణజాలము. ముతక తువ్వాలువలె లెక్కలేని చిన్న చిన్న మొలకలతో ఉండును. దాని క్రింద సంయోజక కణజాలము, ఆపైన మేతను కలియబెట్టు కండరములు, వానిని నడుపు నాడులు. ఆరోగ్యముగానున్న పశువు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించినచో నిమిషమునకు ఒకటి రెండు మార్లు లోపలినుండి తోపు తెలియును. ఆ తోపు లేనినాడు పశువునకు సుస్తి చేసినదని వైద్యుడు గ్రహించును.

ఈ పొట్టలోని రసములో ఒక మిల్లీలీటరునందు బాక్టీరియాలు ఇంచుమించు 1,000 కోట్లు ఉండును. వానికంటె పెద్దవైన ఏకకణ జీవులు లక్షలలో ఉండును; వీనిని ఫ్రాన్సులో గ్రూబీ, డెలఫాన్ 1843లోనే కనుగొనిరి. గడ్డిపోచలలోనికి వేళ్లు తన్ని గోడలను చీల్చు శిలీంధ్రములును అందు కలవని కాలిన్ ఆర్పిన్ 1975 ప్రాంతమున చూపువరకు ఎవరును ఊహింపలేదు. ఇవన్నియు గాలి తగులని చోట, ఇంచుమించు 39 డిగ్రీల వెచ్చదనములో బ్రతుకును. సెల్యులోజు అతుకును విప్పు తాళపుచెవి వీని చేతిలోనే ఉన్నది.

అవి చక్కెరను పులియబెట్టగా ఎసిటిక్, ప్రొపియానిక్, బ్యూటిరిక్ అను ఆమ్లములు పుట్టును. ఆ తువ్వాలు మొలకలు వానిని పీల్చి రక్తములోనికి పంపును. ఆవునకు కావలసిన శక్తిలో నూటికి 70 పాళ్లు వీనినుండియే లభించుచున్నది. ఎసిటిక్ ఆమ్లమునుండి పొదుగులో వెన్న తయారగును. ప్రొపియానిక్ ఆమ్లము కాలేయములో గ్లూకోజుగా మారి, పొదుగు చేరి, పాలలోని చక్కెర యగును. గడ్డి తగ్గించి దాణా విశేషముగా పెట్టినచో పాలలో వెన్న తగ్గుటకు కారణమిదియే. చచ్చినవి, బ్రతికినవి అగు సూక్ష్మజీవులు మేతతోపాటు నాలుగవ అర చేరి అచట జీర్ణమై మాంసకృత్తులగును. మొదట ఆవు వానిని మేపును, తుదకు వానినే తినును.

నెమరు ఇందులకు సాయము. రోజులో ఆరు మొదలు ఎనిమిది గంటలు పశువు నెమరువేయును. ఆ నమలుటలో పెద్ద ఆవు నోట దినమునకు నూరు లీటర్ల వరకు లాలాజలము ఊరును. అందలి క్షారము పొట్టలో పుట్టు పులుపును ఎప్పటికప్పుడు విరుచుచుండును. పుట్టిన వాయువులు త్రేన్పులుగా వెలువడును.

దూడకు పుట్టినపుడు ఈ ఏర్పాటు లేదు. త్రాగిన పాలు ఒక చిన్న కాలువగుండా నేరుగా నాలుగవ అరకు పోవును. తల్లి నాకుట, గడ్డిపోచలు కొరుకుట, తోడి పశువులతో మెలగుట అనువానిచే సూక్ష్మజీవులు చేరి, గట్టిమేత పడిన కొలది పెద్దపొట్ట పెరుగును.

ఇప్పుడు పెండ్లి అన్నము మాట. విందు ముగిసినపిమ్మట గంగాళములో మిగిలిన అన్నమును పారవేయ మనసొప్పక ఇంటివారు దానిని ఆవు ముందు కుమ్మరింతురు. అన్నపూర్ణను గోమాతకు సమర్పించితిమను తృప్తియు ఉండును. ఆ భావములో దోషము లేదు. కనుమనాడు పెట్టు పిడికెడు పొంగలివలన చెరుపును లేదు. చెరుపు గంపెడన్నము వలన.

గడ్డికి అలవాటుపడిన పొట్టలో అన్నము పడగానే, దానిని తిను స్ట్రెప్టోకాకస్ బోవిస్ అను బాక్టీరియా కొలది గంటలలో విపరీతముగా పెరిగి, లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. పెరుగునకు పులుపునిచ్చునది ఈ ఆమ్లమే. మామూలుగా 6 మొదలు 7 వరకుండు పొట్టరసపు పీహెచ్ 5కు దిగువకు జారును. అన్నమునకు నమలుట అక్కరలేదు కనుక నెమరు లేదు, నెమరు లేనందున లాలాజలము లేదు, పులుపునకు విరుగుడు లేదు. గడ్డిని విప్పు సూక్ష్మజీవులు చచ్చును. పొట్టలోని చిక్కదనము రక్తమునుండి నీటిని లాగును. కడుపులో నీరు తొణుకుచుండ ఒంటిలో నీరు ఇంకిపోయి కన్నులు లోతుకు పోవును. ఉపకళ పొరలుగా ఊడును. పుల్లని వాసనతో పారుడు పట్టును. పశువు మెడ పక్కకు వాల్చి పడుకొనును. ఒకటి మొదలు మూడు దినములలో చచ్చును. బ్రతికినను కొన్నిటికి గిట్టలు చెడి కుంటివగును, కొన్నిటికి కాలేయములో చీముగడ్డలు లేచును.

దాణా మార్చదలచినవారు రెండు మూడు వారములు పట్టునట్లు కొంచెము కొంచెముగా పెంచినచో, ఆ మేతకు తగిన సూక్ష్మజీవులు పొట్టలో వృద్ధి చెందును. మిగిలిన అన్నమును మందకంతటికి గుప్పెడు గుప్పెడుగా, గడ్డి తిన్న తరువాత పెట్టవచ్చును. లేదా పెంటకుప్పలో వేయుట మంచిది. అన్నము పెంటపాలగుట పాపమనువారు పశువు ఖరీదునొకసారి లెక్కచూచుకొందురుగాక.

పొరపాటు జరిగినచో లక్షణములు కనబడువరకు వేచియుండక వైద్యుని పిలువవలెను. పడుకొన్న పశువునకు గొట్టముతో బలవంతముగా ఏదియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. వైద్యుడు పులుపునకు విరుగుడుగా సోడియం బైకార్బనేటును, నరములోనికి సెలైనును ఇచ్చును. తీవ్రమైనచో ఎడమ డొక్కను కోసి అన్నమును చేతితో తోడివేయును. పిమ్మట ఆరోగ్యముగల మరియొక పశువు పెద్దపొట్టనుండి రసమును తీసి, వడగట్టి, రోగి పొట్టలోనికి పంపుదురు. ఖాళీయైన ఊరికి కాపులను తెచ్చి నిలుపుట వంటిదిది. ఆ రసమును చల్లారనీయక, ఎక్కువసేపు గాలి తగులనీయక, వెంటనే పోయవలెను.