సునామీలో మునిగిన పియానో: 'ఎసింక్' ఆల్బమ్ కథ

ఈ రోజు ఒక ఆల్బమ్ గురించి మాట్లాడుకుందాం. పేరు 'ఎసింక్'. 2017లో వచ్చింది. చేసింది జపాన్ సంగీత దర్శకుడు ర్యూయిచి సకమొటో. 'ది లాస్ట్ ఎంపరర్' సినిమాకి ఆస్కార్ అందుకున్న ముగ్గురిలో ఈయన ఒకరు.

కోడ్ రాసేవాళ్లకి ఎసింక్ అంటే తెలుసు కదా? ఒకదాని కోసం ఇంకోటి ఆగదు, దేని టైమింగ్ దానిదే. ఈ ఆల్బమ్ కూడా అంతే. సింథ్ సౌండ్ పక్కనే వాన, ఆకుల మీద అడుగుల చప్పుడు. 2014లో సకమొటోకి గొంతు క్యాన్సర్ అని తేలింది. ట్రీట్‌మెంట్ తర్వాత చేసిన సోలో ఆల్బమ్ ఇది.

ఇందులో 'జురే' అనే ట్రాక్ ఉంది. 2011 సునామీలో మియాగి ప్రాంతంలోని ఒక హైస్కూల్ పియానో మునిగిపోయింది. శ్రుతి పోయింది, కొన్ని కీస్ పాడైపోయాయి. మనమైతే తుక్కుకి వేసేస్తాం. సకమొటోకి కూడా మొదట శవాన్ని వాయిస్తున్నట్టు అనిపించిందట. తర్వాత ఆయన ఆలోచన మారింది.

పియానో ఎలా తయారవుతుందో చూడండి. చెక్కని బలవంతంగా వంచుతారు. 200కి పైగా తీగల్ని ఇనుప ఫ్రేమ్ మీద బిగిస్తారు. మొత్తం లాగుడు దాదాపు 20 టన్నులు! అంటే మనం 'శ్రుతి' అనేది ప్రకృతి మీద మనం పెట్టిన ఒత్తిడి. శ్రుతి తప్పడం అంటే ఆ చెక్క, ఆ ఇనుము మళ్లీ తమ దారిన తాము పోవడం. సునామీ ఆ పియానోని తన పద్ధతిలో శ్రుతి చేసిందని ఆయన అర్థం చేసుకున్నారు. ఆ శబ్దాన్నే ఆల్బమ్‌లో పెట్టారు.

ఇది విన్నాక నాకు నా తప్పు ఒకటి గుర్తొచ్చింది. మా నానమ్మ చెప్పిన కథ ఒకటి ఫోన్‌లో రికార్డ్ చేశాను. వెనకాల కోళ్లు, పెరట్లో బోరింగ్ పంపు చప్పుడు. 'నాయిస్ రిమూవ్' కొట్టాను. గొంతు స్టూడియోలో చెప్పినంత క్లీన్‌గా వచ్చింది. స్టోరేజ్ లేదని ఒరిజినల్ డిలీట్ చేసేశాను. ఇప్పుడు నానమ్మ లేదు. ఆ ఇల్లూ లేదు. నా దగ్గర ఆమె గొంతు ఉంది, కానీ ఆమె ఎక్కడ కూర్చుని చెప్పిందో ఆ చోటు లేదు. నేను నాయిస్ అనుకుని తీసేసింది మా ఇంటినే.

సకమొటో 2023 మార్చి 28న చనిపోయారు. ఈ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'జురే' ఒక్కసారి వినండి. రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ల మాటలు రికార్డ్ చేయండి. ఫ్యాన్ ఆపకండి, కిటికీ మూయకండి. ఎడిట్ చేసినా సరే, ఒరిజినల్ మాత్రం దాచుకోండి. వెనకాల ఏం వినిపించిందో కామెంట్స్‌లో చెప్పండి.