మల్కాపురం శాసనం: మఠం రాబడి, రాజు కట్టడి

తెలుగునాట మఠాల ఆదాయ వ్యయాలను విడమరిచి చెప్పే రాతి పత్రాల్లో మల్కాపురం శాసనానిది మొదటి వరస. ఈ మల్కాపురం విశాఖ రేవు పక్కది కాదు. గుంటూరు జిల్లా తుళ్లూరు మండలంలో కృష్ణ దక్షిణపు ఒడ్డున ఉన్న పల్లె. శాసనం శకవర్షం 1183 నాటిది, అంటే 1261. కాకతీయ గణపతిదేవుడు తన దీక్షాగురువు విశ్వేశ్వర శంభువుకు మందడం గ్రామాన్ని మాటగా ఇచ్చాడు. కూతురు రుద్రమదేవి ఆ మాటను పత్రంగా మార్చి, వెలగపూడినీ లంక భూములనూ దానికి చేర్చింది. ఆ వెలగపూడిలోనే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తోంది.

విశ్వేశ్వరుడు గౌడదేశపు రాఢ ప్రాంతంవాడు. అతని గురుపరంపర నర్మదా తీరంలోని గోళకీ మఠానిది. కలచురి రాజు యువరాజదేవుడు సద్భావ శంభువుకు మూడు లక్షల గ్రామాలు భిక్షగా ఇచ్చాడనీ, ఆ సొమ్ముతోనే ఆ మఠం వెలసిందనీ ఇదే శాసనం చెబుతుంది. సంఖ్యను అక్షరాలా నమ్మనక్కరలేదు. అయితే గోళకీ ఆచార్యులు ఒక్క ఊరికి కట్టుబడిన పూజారులు కారన్నది స్పష్టం. శ్రీశైలం, కాళేశ్వరం, ఏలేశ్వరం వంటి చోట్ల విశ్వేశ్వరుడు మఠాలు నెలకొల్పాడు. ఇన్ని శాఖలున్న మఠానికి పంట ఒకచోట, పెత్తనం మరొకచోట కావడం తేలిక.

మల్కాపురం శాసనంలోని పంపకం ఆ దారికి అడ్డుకట్టలా పనిచేసింది. భూమి పొందినవారి వాటాలు పోగా మిగిలిన రాబడి మూడు భాగాలు. ఒకటి శివాలయానికి, ఒకటి విద్యార్థులకూ శైవమఠానికీ, మూడోది ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ, విప్రసత్రానికీ. నర్మదా తీరపు మూలమఠానికి ఈ పంపకంలో వాటా లేదు. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి కాపురం పెట్టించారు. వేదాలు చెప్పేవారు ముగ్గురు, ఇతర శాస్త్రాలు చెప్పేవారు ఐదుగురు, వీరుగాక ఒక వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు. ఊరి కాపలా చోళదేశం నుంచి వచ్చిన వీరభద్రులది. కంసాలి, కుమ్మరి, మంగలి దాకా జీతపు మాన్యాలున్నాయి. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలి. ఆచార్యుడికి నూరు నిష్కలు. అతడు దారి తప్పితే తొలగించి మరొకరిని నిలిపే హక్కు శైవ సమాజానిదే. రోజువారీ తనిఖీకి రాజోద్యోగి కనబడడు. రాజు కట్టడి దానపత్రంలోనే ఇమిడి ఉంది.

అదే శతాబ్దంలో ఇంగ్లండు మరో దారి పట్టింది. అంతకు చాలా ముందే నార్మన్ ప్రభువులు తమకు దక్కిన ఇంగ్లీషు భూములను ఫ్రాన్సులోని సొంతూరి మఠాలకు రాసిచ్చారు. ఇద్దరు ముగ్గురు సన్యాసులుండే చిన్న శాఖలు చాలావరకు శిస్తు వసూలు ఠాణాలే. ఫ్రాన్సుతో యుద్ధం వచ్చినప్పుడు 1295లో మొదటి ఎడ్వర్డు వాటిని స్వాధీనం చేసుకున్నాడు. 1307 నాటి కార్లైల్ చట్టం, మఠం సొమ్ము పైదేశపు పెద్దలకు పంపడాన్ని నిషేధించింది. 1337లో మూడవ ఎడ్వర్డు మళ్లీ జప్తు చేశాడు. 1414లో ఐదవ హెన్రీ వాటిని పూర్తిగా రద్దుచేశాడు. ఆ భూముల్లో కొన్ని తర్వాత ఈటన్ పాఠశాలకూ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలకూ చేరాయి. దొర మారాడు, రైతు కట్టే శిస్తు మారలేదు.

తెలుగునాట మఠం పెత్తనానికి కట్టడి ఎవరిదన్న చిక్కు మళ్లీ పెద్దదిగా తలెత్తింది తిరుమలలో. ఈస్టిండియా కంపెనీ ఆలయ నిర్వహణ నుంచి తప్పుకుంటూ 1843లో దాన్ని హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. ఆ ఏర్పాటు తొంభై ఏళ్లు సాగింది. 1933లో మద్రాసు ప్రభుత్వ చట్టం కింద దేవస్థానం కమిటీ పగ్గాలు చేపట్టింది.

మఠాధిపతి హక్కుకు గీత గీసింది మాత్రం 1954 నాటి శిరూరు మఠం తీర్పు. మఠంలో అధిపతికి కేవలం ఉద్యోగమే కాదు, ఆస్తిలో స్వప్రయోజనం కూడా ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మతవిషయాలు మఠానివే, ఆస్తి నిర్వహణను మాత్రం చట్టం నియంత్రించవచ్చు, పూర్తిగా లాక్కోరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆలయాలకూ మఠాలకూ ఇప్పుడు వర్తిస్తున్నది 1987 నాటి దేవాదాయ చట్టం. ఆ చట్టం వచ్చినప్పుడు మఠాధిపతిని తొలగించే అధికారం ప్రభుత్వ యంత్రాంగానికి దక్కింది. 1261లో అది శైవ సమాజం చేతిలో ఉండేది.