చిన్న కార్డులు, పెద్ద చదువు

మన పిల్లలు బీడీఎస్‌లో చేరాలంటే నీట్ దాటాలి. 720 మార్కులలో 360 జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 మార్కులు; తప్పుకు 1 కోత. కనుక అరకొర జ్ఞాపకమూ నష్టమే.

ఖరీదైన కోచింగ్ ఇప్పించలేకపోయినా ఫ్లాష్‌కార్డులు చేసి ఇవ్వగలం. పాత నోటుపుస్తకాల అట్టలు చాలు. ఒక్కో కార్డుపై ఒకే ప్రశ్న: ‘సిరాకర్ణికా కణుపు ఎక్కడ ఉంది?’ వెనుక: ‘కుడి కర్ణిక పైభాగంలో.’ జవాబు పైకి చెప్పిన తరువాతే కార్డు తిప్పాలి. ముందే తిప్పితే అది చదవడమే గాని జ్ఞాపకం చేసుకోవడం కాదు. తప్పినవి మరునాడు, వచ్చినవి మూడు రోజులకు, ఆపై వారానికి మళ్లీ అడగాలి.

అడిగేది మనమే కావాలి. రాత్రి ఒక అరగంట అమ్మాయికి కేటాయిద్దాం. పెళ్లి సంబంధం గురించి ఆమెను అడిగే ముందు, ఆ కార్డుల్లోని ప్రశ్నలు అడుగుదాం.