కాబూల్ పెట్టెలు: యుద్ధకాలంలో వారసత్వ రక్షణ



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆ పెద్దాయన వృత్తిరీత్యా గ్రంథపాలకులు. వచ్చిన పుస్తకాలను నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా వదిలినా ఊరుకునేవారు కాదట. అందుకే యుద్ధం, వారసత్వం అనే విషయం ఇచ్చినప్పుడు నేను ఫిరంగుల జోలికి పోకుండా రిజిస్టర్ల సంగతి ఎత్తుకుంటున్నాను. దేశాలన్నీ తిరగను. కాబూల్‌లోని అఫ్ఘాన్ జాతీయ మ్యూజియం దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

1978 చివర ఉత్తర అఫ్ఘానిస్థాన్‌లోని షిబర్గాన్ దగ్గర తిల్యా తెపె అనే దిబ్బను సోవియట్-అఫ్ఘాన్ బృందం తవ్వింది. నాయకుడు విక్టర్ సరియానిడి. క్రీస్తుశకం మొదటి శతాబ్దం నాటి ఆరు సమాధులు, వాటిలో 20,000కు పైగా బంగారు వస్తువులు బయటపడ్డాయి. ఒక కిరీటం ఉంది: సన్నని బంగారు రేకుతో చేసిన చెట్లు, పూలు, గాలి తగిలితే చాలు కదిలే చిన్న చిన్న బిళ్ళలు. ఆ చెట్లను పట్టీ నుంచి ఊడదీసి, చదునుగా సర్దుకుని గుర్రం మీద పెట్టుకుపోవచ్చు. సంచార జాతి రాణి కిరీటం మరి! ప్రయాణానికి వీలుగా చేసిన ఆ నగే తర్వాత సుమారు పదిహేనేళ్ళు చీకటి గదిలో కదలకుండా పడి ఉంది.

తవ్వకాలు ముగిసిన ఏడాదే సోవియట్ సైన్యం దిగింది. పదేళ్ళకు వెళ్ళిపోయింది. నగరం తమ చేతుల్లో ఉండదని మ్యూజియం సిబ్బందికి అర్థమైంది. 1989లో తిల్యా తెపె బంగారాన్ని, బెగ్రామ్ అనే చోట తవ్వకాల్లో దొరికిన దంతశిల్పాలలో ముఖ్యమైనవాటిని పెట్టెల్లో సర్ది, ముద్రలు వేసి, అధ్యక్ష భవనంలోని కేంద్ర బ్యాంకు ఖజానాకు చేర్చారు. సంగతి తెలిసినవాళ్ళు కొద్దిమందే. తర్వాత మ్యూజియానికి డైరెక్టరైన ఒమరా ఖాన్ మసూదీ వాళ్ళలో ఒకరు. బంగారం మాస్కో వెళ్ళిపోయిందని, కరిగించేశారని, అమ్ముకున్నారని ఊరంతా పుకార్లు. అమ్ముకున్నారన్న నింద ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా? అయినా వాళ్ళు నోరు విప్పలేదు. తుపాకీ పట్టినవాడి ధైర్యానికి పతకాలుంటాయి. జీతం కూడా సరిగా అందని గుమాస్తా నింద మోస్తూ ఊరుకున్న ధైర్యానికి ఏముంటుంది?

మ్యూజియం భవనంలో మిగిలినవి అంత అదృష్టం చేసుకోలేదు. 1993 మేలో అంతర్యుద్ధంలో రాకెట్ పడి పై అంతస్తు తగలబడింది. ఆ ప్రాంతం మీద పట్టు ఒక సాయుధ ముఠా నుంచి ఇంకో ముఠాకు మారినప్పుడల్లా దోపిడీ. సేకరణలో సుమారు 70 శాతం పోయిందని అంచనా. వస్తువులతో పాటు వాటి వివరాల కార్డులు, రిజిస్టర్లు కూడా చాలావరకు నాశనమయ్యాయి. నా దృష్టిలో పెద్ద దెబ్బ ఇదే. పోయిన వస్తువు ఏ వేలంపాటలోనో తేలినా, అది మాది అని చెప్పడానికి కాగితం ఉండాలి కదా.

1996లో, తాలిబన్లు నగరంలోకి రావడానికి కొద్ది ముందు, సిబ్బంది మిగిలిన వస్తువులను ఏరి, జాబితా రాసి, పెట్టెలకెత్తి నగరం మధ్యనున్న కాబూల్ హోటల్‌కు తరలించారు. 2001లో తాలిబన్లు బామియాన్‌లో 55 మీటర్ల, 38 మీటర్ల బుద్ధ విగ్రహాలను పేల్చిన సంగతి లోకమంతా చూసింది. అదే రోజుల్లో మ్యూజియం గదుల్లో సుత్తులతో వేలకొద్దీ శిల్పాలు పగలగొట్టిన సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. ఆ కాలంలోనే నేషనల్ గ్యాలరీలో మహమ్మద్ యూసఫ్ అసెఫీ అనే వైద్యుడు, చిత్రకారుడు ఒక ఉపాయం చేశాడు. ప్రాణుల బొమ్మలుంటే చింపేస్తారు గనక, తైలవర్ణ చిత్రాల్లోని మనుషుల మీద, గుర్రాల మీద నీటిరంగులతో చెట్లు, గోడలు వేసేశాడు. పాలన మారాక తడిబట్టతో తుడిస్తే మనుషులు మళ్ళీ బయటికొచ్చారు.

ఖజానాలోని పెట్టెలు 2004లో తెరిచారు. ఇనుప పెట్టెలను కోసి తెరవాల్సి వచ్చింది. అసలువేనా, నకిలీలా? తేల్చడానికి వచ్చినవారిలో ముసలివాడైన సరియానిడి ఉన్నాడు. ఒక వస్తువు మీద తానే ఎప్పుడో సన్నని తీగతో వేసిన అతుకు కనబడింది. ఆయనకు అది చాలింది. అక్కడి నుంచి ఒక్కొక్క వస్తువును తూచి, కొలిచి, ఫోటో తీసి కొత్త జాబితా రాశారు. ఆ తర్వాతే, 2006 నుంచి, ఈ వస్తువుల ప్రదర్శన పారిస్‌తో మొదలై దేశదేశాలు తిరిగింది.

బెగ్రామ్ దంతశిల్పాలు మనకు పరాయివి కావు. వాటిలో కొన్నిటి పనితనాన్ని పండితులు అమరావతి శిల్పంతో పోల్చి చూశారు. యుద్ధంలో దొంగలపాలైన వాటిలో 20 ముక్కలను ఒక దాత కొనగా, బ్రిటిష్ మ్యూజియం శుభ్రం చేసి, 2011లో ప్రదర్శించి, కాబూల్‌కు తిరిగి పంపింది. అవి కాబూల్‌వని చెప్పగలిగారంటే ఫ్రెంచి పురాతత్వవేత్త జోసెఫ్ హాకిన్ బృందం 1930లలో తవ్వినప్పుడే వాటి వివరాలు నమోదు చేసి ప్రచురించబట్టే. హాకిన్ 1941లో సముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. ఆయన రాసింది మాత్రం డెబ్భై ఏళ్ళ తర్వాత సాక్ష్యం చెప్పింది.

చట్టాలు లేవా అంటారు. ఉన్నాయి. యుద్ధంలో సాంస్కృతిక సంపదను కాపాడేందుకు 1954 హేగ్ ఒప్పందం ఉంది, కాపాడాల్సిన కట్టడాలకు నీలి డాలు గుర్తు ఉంది, భారతదేశం 1958లోనే అందులో చేరింది. మాలీ దేశంలోని తింబక్తూలో సమాధులు కూల్పించిన అల్ మహదీకి 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తొమ్మిదేళ్ళ శిక్ష వేసింది. మంచిదే. కానీ కోర్టు వచ్చేది గోడలు కూలాక.

యుద్ధం ఆగాక ఇంకో చిక్కు: మళ్ళీ కట్టాలా, వద్దా? పోలండ్‌లోని వార్సా వాళ్ళు రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన పాతపట్నాన్ని తిరిగి కట్టగలిగారంటే, జర్మన్ ఆక్రమణ కాలంలో దాచి కాపాడిన కొలతల పటాలు ఒక కారణం, బెలొట్టో వేసిన పద్దెనిమిదో శతాబ్దపు చిత్రాలు ఇంకో కారణం. బామియాన్ వేరు. అక్కడ మిగిలిన రాతిముక్కలు ఏరి భద్రపరిచారు, గూళ్ళ గోడలు కూలకుండా బిగించారు. కొత్త బుద్ధుణ్ణి నిలబెడదామని తొందరపడేవాళ్ళతో నేను ఏకీభవించను. 1969-77 మధ్య ఆ విగ్రహాలను బాగుచేసినవారిలో మన భారత పురావస్తు నిపుణులూ ఉన్నారు. వాళ్ళు చేసింది మరమ్మతు. ఇప్పుడు చేస్తామంటున్నది నకలు. డబ్బిచ్చే దేశాలకు ప్రారంభోత్సవం కావాలి గనక కట్టడానికి నిధులు దొరుకుతాయి. జాబితా రాయడానికి దొరకవు.

మనకు అలాంటి యుద్ధం రాలేదు గనక ఈ గొడవ లేదనుకోవద్దు. అమరావతి స్తూపం ఫలకాలు సున్నపు బట్టీల పాలయ్యాయి. వాటిలో ఎన్నో ఇవాళ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు 1816 ప్రాంతంలో వేసిన బొమ్మల్లో మాత్రమే ఉన్నాయి. అలా నమోదు చేసే పని యుద్ధం వచ్చాక చేసేది కాదు, వరద వచ్చాక చేసేదీ కాదు. కాబట్టి ఒక్కటే అడుగుతున్నాను. మీ ఊరి గుడిలో, మసీదులో, చర్చిలో, మీ ఇంటి అటక మీది తాళపత్రాల కట్టలో ఏముందో ఈ సంవత్సరంలోపు రాయండి. ఫోటో తీయండి, కొలత వేయండి, ఎక్కడ పగుళ్ళున్నాయో గుర్తుపెట్టండి. ఒక ప్రతి ఊళ్ళో ఉంచి, ఇంకో ప్రతి వేరే ఊళ్ళో నమ్మకమైనవారి దగ్గర పెట్టండి. జాబితా ఎలా రాయాలో తెలియనివాళ్ళు నాకు ఉత్తరం రాస్తే, నమూనా ఫారం పంపిస్తాను.