మన ఆడపిల్లల ఆరోగ్యము – మన బాధ్యత
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసకురాలిని కాను. ముప్ఫై ఏళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేశాను. నూరేళ్ళ పండుగ వేళ ఈ మాటలేమిటని కొందరికి అనిపించవచ్చు. నలుగురిలో మాట్లాడరానిదని మనము దాచిన ఈ సంగతే నా కళ్ళ ఎదుట ప్రాణములు తీసింది. అందుకే చెబుతున్నాను.

పిల్ల పెద్దమనిషి అయితే మనము ఏమి చేస్తాము? చాప వేసి కూర్చోబెడతాము. చిమ్మిలి తినిపిస్తాము. బంధువులను పిలిచి ఓణీ ఇస్తాము. ఆ వారమంతా పిల్ల చుట్టూ పదిమంది ఆడవాళ్ళు ఉంటారు. కాని, "అమ్మా, నీ దేహములో వచ్చిన మార్పు ఇది, ఇకనుంచి నీకు గర్భము రాగలదు" అని చెప్పేవారు ఒక్కరూ ఉండరు.

మొదటి రెండు మూడేళ్ళు చాలామందికి బహిష్టు క్రమముగా రాదు. అందుచేత నెల తప్పినా పిల్లకు అనుమానము కలగదు. కలిగినా ఎవరితో చెప్పాలో తెలియదు. తల్లి గుర్తించేసరికి నాలుగో నెలో, ఐదో నెలో వస్తుంది. ఆలస్యమైన కొద్దీ ప్రమాదము పెరుగుతుంది.

ఇది పెళ్ళి కాని పిల్లల సంగతి మాత్రమే కాదు. 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళి అయింది. 15–19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. ఎముక ముదరని, రక్తము చాలని పిల్లలు వీరు.

ఒక పిల్లను నేను మరువలేను. పదో తరగతి చదివేది. కడుపునొప్పి అని ఒంటరిగా మా ఓపీకి వచ్చింది. జనము కిటకిటలాడుతున్నారు. "పెళ్ళయిందా? ఎన్నో నెల?" అని అందరి ముందు గట్టిగా అడిగాను. తల వంచుకొని వెళ్ళిపోయింది. ఆరు వారాల తరువాత ఒక రాత్రి ఆమె తల్లి రిక్షాలో తీసుకొని వచ్చింది. ఎవరో గర్భసంచిలోకి పుల్ల పెట్టారు. ఒళ్ళు కాలిపోతున్నది, చీము వాసన. మూడో రోజున ప్రాణము పోయింది. "పరువు పోతుందని దాచానమ్మా" అని తల్లి ఏడ్చింది. ఆమె దాచింది; నేను తరిమాను. ఆనాటికే చట్టము ఉన్నది, చేయగల డాక్టరు ఉన్నారు. ఆ పిల్లకు లేనిదల్లా నెమ్మదిగా వినే మనిషి.

చట్టము సంగతి తెలుసుకోండి. 1971లో చేసిన గర్భవిచ్ఛిత్తి చట్టము 1972 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. 2021 సవరణ ప్రకారము, చట్టము చెప్పిన కారణములుంటే 20 వారముల వరకు ఒక డాక్టరు అభిప్రాయము చాలు. మైనరు బాలికలు, అత్యాచారమునకు గురైనవారు మొదలైనవారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయముతో 24 వారముల వరకు వీలున్నది. పద్దెనిమిది నిండని పిల్లకు సంరక్షకుల వ్రాతపూర్వక సమ్మతి కావాలి. నిండినవారికి తమ సమ్మతి చాలు.

పోలీసు కేసు భయముతో చాలామంది దొంగచాటు వైద్యానికి పోతారు. మైనరు విషయములో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము డాక్టరు సమాచారము ఇవ్వవలసిందే. అయితే బాలిక, సంరక్షకులు కోరితే ఆమె పేరు, ఆనవాళ్ళు అందులో తెలపనక్కరలేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మందుల షాపులో బిళ్ళలు కొని మ్రింగించడమూ ప్రమాదమే. ఎన్ని వారములో తెలియక, గర్భము ట్యూబులో ఉన్నదేమో చూడక వేస్తే రక్తస్రావముతో ప్రాణము పోవచ్చు. ఆగని రక్తము, చలిజ్వరము, దుర్వాసన, విపరీతమైన కడుపునొప్పి, స్పృహ తప్పడము – వీటిలో ఏది కనిపించినా క్షణము ఆలస్యము చేయక పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏమి వాడారో, ఏమి చేశారో దాచకుండా డాక్టరుతో చెప్పండి. ఆ నిజము మీదే వైద్యము ఆధారపడి ఉంటుంది.

గర్భస్రావము విషయములో మన సంఘములో వేర్వేరు అభిప్రాయములున్నాయి. వాటిని తేల్చడానికి నేను రాలేదు. ఏ అభిప్రాయము గలవారైనా, ఆ పిల్ల చావాలని కోరరు గదా!

కాబట్టి తల్లులారా, ఓణీ ఇచ్చిన రోజుననే విషయము కూడా చెప్పండి. మగపిల్లలకూ చెప్పండి, తప్పంతా ఆడపిల్ల మీద వేసే ఆచారము మానండి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి తలపెట్టవద్దు. బలవంతము జరిగిందని పిల్ల చెబితే నమ్మండి. 1098 నంబరుకు ఫోను చేస్తే పిల్లలకు సహాయము అందుతుంది.

పిల్ల భయపడుతూ మీ దగ్గరకు వచ్చిన రోజున, "ఎవడు?" అని మొదట అడగకండి. "అన్నము తిన్నావా అమ్మా?" అని అడగండి. తక్కిన మాటలు తానే చెబుతుంది. నేను ఆనాడు ఓపీలో అడగవలసిన మాట అదే.